పెద్దనాయన బోణీ

మా పెద్దనాయన మీద పగ తీర్చుకోవడానికి నేనొక పరుపు కొన్నాను. సింగిల్ పరుపు, హాస్టల్ మంచానికి సరిపోయేది. నాకు సొంతంగా పరుపుల దుకాణం ఉంది. మా నాయన, వాళ్ళ నాయన, ఆ పైన ఆయన నాయన, అందరూ దూది ఏకి పరుపులు కుట్టినవాళ్ళే. అట్లాంటి ఇంట్లో పుట్టి, ఇంకొకరి షోరూముకు పోయి, ప్లాస్టిక్ కవరు తొడిగిన ఫోమ్ పరుపు బేరమాడి కొన్నదాన్ని మార్కాపురం మొత్తానికి నేనొక్కదాన్నే అయ్యుంటాను. మా వీధిలో ఇప్పటికీ ఆ సంగతి చెప్పుకుని నవ్వుతారు. నవ్వనీ. నా జన్మలో నేను చేసిన మంచి బేరం అదొక్కటే.

పగ ఎందుకో ముందు చెప్పాలి.

మేం దూదేకులోళ్ళం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో మమ్మల్ని సగం సాయిబులన్నట్టు చూసేవాళ్ళు. మిగతా ఊరికి మేం నిండా సాయిబులమే. పెళ్ళికి పరుపులు కుట్టాల్సి వస్తే మాత్రం రెండు వైపుల వాళ్ళకూ మేమే గుర్తొచ్చేవాళ్ళం. బడికి పోయేటప్పుడు అమ్మ ఎంత గట్టిగా దువ్వినా నా జడలో దూది నూగు మిగిలిపోయేది. తెల్లగా ఉంటుంది కదా, క్లాసులో నన్ను ‘అవ్వా’ అని పిలిచేవాళ్ళు. లెక్కల సారు కూడా నవ్వుతా, “అవ్వను లేపండి, చెప్తాది” అనేవాడు. లేచి చెప్పేదాన్ని. తప్పు లేకుండా చెప్పేదాన్ని. వెక్కిరించేవాళ్ళకు అది ఇంకా మంట.

టెన్త్‌లో మా బడికి ఫస్టు వచ్చినాను. ఆ రోజు నాయన మిఠాయి డబ్బా పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని, నేరుగా దుకాణానికి పోయినాడు. అప్పుడు అన్నదమ్ములిద్దరిదీ ఒకటే దుకాణం. గల్లా దగ్గర పెద్దనాయన కూర్చునేవాడు, లోపల దూది ఏకేది నాయన. పెద్దనాయన మాటంటే ఇంట్లో చివరి మాట. నాయన ఆయన ముందు నిలబడి మాట్లాడింది నేను ఎప్పుడూ చూడలేదు. ఎప్పుడూ దూది ముందు కూర్చునే మాట్లాడేవాడు.

నాయన సంతోషంగా, “కాలేజీలో ఎం.పి.సి. సీటు ఇస్తారంట అన్నా” అన్నాడు.

పెద్దనాయన మిఠాయి నోట్లో వేసుకుని నన్ను కింద నుంచి పై దాకా చూసినాడు. “కాలేజీ ఏందిరా దీనికి? రేపట్నుంచి గల్లా దగ్గర కూర్చోబెట్టు. దీని నోటికి గిరాకీ నిలబడతాది. ఇంతకంటే చదివితే మనోళ్ళలో దీన్ని చేసుకునేటోడు యాడున్నాడు?” దుకాణంలో ఉన్నవాళ్ళంతా నవ్వినారు. మిఠాయి బాగుందని కూడా ఎవరో అన్నారు.

నేను నాయన వైపు చూసినాను. ఆయన నా వైపు చూడలేదు. లోపలికి పోయి కూర్చుని, విల్లు అందుకుని, దూది ఏకడం మొదలుపెట్టినాడు. ఆ విల్లు తీగ మోత తెలిసినవాళ్ళకు తెలుసు. ఒకసారి మొదలైతే పక్కన మనిషి ఏడ్చినా వినపడదు. ఆ పూట నాయన ఏకినంత దూది మళ్ళీ ఎప్పుడూ ఏకలేదు.

మరుసటి రోజు నుంచి నేను గల్లా దగ్గర ఉన్నాను. కొన్నాళ్ళకు నాతో చదివిన పిల్ల ఒకతె, నా తర్వాత మార్కులొచ్చినామె, వాళ్ళమ్మతో దుకాణానికి వచ్చింది. నెల్లూరులో హాస్టల్లో చేరుతుందంట, పరుపు కావాలంట. నేనే కొలత తీసినాను. నేనే రేటు చెప్పినాను. వాళ్ళమ్మ ఎంత బతిమాలినా ఒక్క రూపాయి తగ్గించలేదు. పెద్దనాయన పక్కనే కూర్చుని మీసం దువ్వుకున్నాడు. “చూసినావా, చెప్పలా, దీని నోరు దుకాణానికే పుట్టింది” అన్నాడు. అది మెచ్చుకోలనే ఆయన అనుకున్నాడు.

బేరం చేయడం ఆయనే నేర్పించినాడు, కాదనను. అందులోనూ బోణీ. పొద్దున షట్టరు ఎత్తినాక మొదటి గిరాకీ అంటే ఆయనకు దేవుడు పంపిన మనిషి. బోణీ వేళ ‘లేదు’ అనే మాట నోట్లోంచి రాకూడదు. అడిగింది దుకాణంలో లేకపోతే ‘వస్తాది’ అనాలి. మొదటి మనిషి ఉత్త చేతుల్తో మెట్లు దిగితే ఆ రోజు బరకత్, కలిసొచ్చే లాభమంతా, ఆ మనిషి వెంటే దిగిపోతాదంట. అందుకే బోణీకి నష్టానికైనా ఇచ్చేవాడు. ఇచ్చి, ఆ నోటు రెండు కళ్ళకూ అద్దుకుని గల్లాలో వేస్తే, ఇక ఆ బేరం వెనక్కి తిరిగేది లేదు. ఒకసారి కనిగిరి నుంచి వచ్చినాయన పొద్దున్నే వాళ్ళ ముసలాయన కోసం పరుపు కొన్నాడు. మధ్యాహ్నానికి ఏడుస్తా తిరిగొచ్చినాడు, ముసలాయన పోయినాడు, పరుపు తీసుకోమని. పెద్దనాయన ఆయనతో పాటు కన్నీళ్ళు పెట్టుకున్నాడు, టీ తెప్పించినాడు, కావాలంటే మట్టి చేయడానికి వస్తానన్నాడు. పరుపు మాత్రం తీసుకోలేదు. “బోణీ వెనక్కి తిరగదు నాయనా, నా చేతుల్లో లేదు” అన్నాడు. ఆ కథ బజారంతా తెలుసు. ఆయనకు అది గొప్ప.

తర్వాత అన్నదమ్ములు విడిపోయినారు. పెద్దనాయన కంభం రోడ్డులో ఫోమ్ పరుపులు, సోఫాలు, మంచాలతో అద్దాల షోరూమ్ పెట్టినాడు. నాయన పాత దుకాణంలో దూది ఏకుతానే పోయినాడు. నాయన పోయినాక దుకాణం నాకు మిగిలింది. ఇప్పుడు ఏకేది మెషీను.

గల్లా దగ్గర కూర్చునే నేను ప్రైవేటుగా ఇంటర్ కట్టినాను, తర్వాత ఓపెన్ డిగ్రీ చదివినాను. పుస్తకాలకు పరుపు గుడ్డతో అట్టలు వేసుకునేదాన్ని, దూరం నుంచి చూస్తే శాంపిల్ గుడ్డలనుకునేవాళ్ళు. పెళ్ళి కూడా అయింది. చేసుకునేటోడు దొరికినాడు, పెద్దనాయన బాధపడాల్సిన పని లేకపోయింది. ఇప్పుడు దుకాణం పైన గదిలో సాయంత్రాలు మా వీధి ఆడపిల్లలకు లెక్కలు చెప్తాను. వాళ్ళు అమ్ముడుపోని పరుపుల మీద కూర్చుని చదువుకుంటారు. తలల్లో దూది నూగు పడుతుంది. నేను దులపనివ్వను. పరీక్షకు అట్లే పొమ్మంటాను.

ఊళ్ళో వాళ్ళు దీన్ని సేవ అంటారు. ఒకాయన శాలువా కూడా కప్పినాడు. సేవ కాదు. ఒక్కో పిల్ల ఇంటర్ గేటు దాటినప్పుడల్లా నేను మనసులో పెద్దనాయన ముఖం చూసుకుంటాను. అంతే నా సంఘసేవ.

పిల్లల్ని చదివించడానికి నేను వాళ్ళ నాయనలతో ఎప్పుడూ వాదించను. వాదిస్తే గిరాకీ పోతుంది. బేరం చేస్తాను. డిగ్రీ మాట ఎత్తను, ఇంజనీరు మాట అసలే ఎత్తను. “ఊరికే పేరు రాయించు అన్నా, పోయేదేముంది, నచ్చకపోతే మాన్పిద్దువు” అంటాను. అది గుడ్డ విప్పి చూపించడం. చూసినాక మడతపెట్టమనడానికి మొహమాటం పడతారు. ఆర్ధవీడు నుంచి బెంగళూరుకు కూలిపనికి పోయే జంట ఒకటి కూతుర్ని కూడా తీసుకుపోతామంటే, పరీక్షల దాకా వాళ్ళ అవ్వ దగ్గర వదలమన్నాను. పరీక్షలైనాక రిజల్టు దాకా అన్నాను. రిజల్టు వచ్చినాక ఇంకేం, పిల్లే మాట్లాడింది. ఆమె ఇప్పుడు ఒంగోలులో నర్సు.

ఒక్క ఇల్లు మాత్రం నాకు అందలేదు, పెద్దనాయన ఇల్లు. ఆయన పెద్ద కొడుకు, అంటే నాకు అన్న, వాళ్ళ నాయనకు తెలియకుండా కూతుర్ని నా దగ్గరికి పంపేవాడు. తెలివైన పిల్ల. లెక్క చెప్పకముందే సగం చేసి పెట్టేది. ఈసారి టెన్త్‌లో మంచి మార్కులొచ్చినాయి. గిద్దలూరు అవతల గవర్నమెంటు రెసిడెన్షియల్ కాలేజీలో సీటు వచ్చిందని ఫోనుకు మెసేజ్ వచ్చింది. చేరకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. పిల్ల ఆ మెసేజ్ పట్టుకుని నా దుకాణానికి వచ్చి నిలబడింది.

“తాత వద్దన్నాడత్తా. షోరూములో బిల్లింగ్ దగ్గర కూర్చోమన్నాడు. కంప్యూటర్ నేర్పిస్తాడంట.”

“మీ నాయన ఏమన్నాడు?”

“ఏమనలా. ఫోన్ చూసుకుంటా కూర్చున్నాడు.”

నా చెవుల్లో విల్లు తీగ మోగింది. ఫోను అంటే కొత్త విల్లు, అంతే తేడా. అన్నకు ఫోన్ చేసినాను. “నాయన ఒప్పుకోడు మే, నువ్వు అట్లాంటివి పెట్టాకు” అని కట్ చేసినాడు.

ఇక ఆ రోజు నేను ఏ గిరాకీతోనూ సరిగ్గా మాట్లాడలేదు. దిండు అడిగినామెకు దుప్పటి కట్టిచ్చినాను. సాయంత్రం ఆటో ఆయనకు చెప్పి పెట్టినాను, పొద్దున్నే వచ్చి బస్టాండులో దించమని. పిల్లకు చెప్పినాను, బట్టలు సర్దుకో, నాతో రా, నేను చెప్పేదాకా నోరు తెరవద్దని.

పొద్దున పెద్దనాయన షట్టరు ఎత్తి, సాంబ్రాణి వేసి, కుర్చీలో కూర్చోవడం అద్దంలోంచి చూసినాక లోపలికి పోయినాను. పిల్లను ఆటోలోనే ఉంచినాను. చానా రోజులకు ఆయన షోరూము మెట్లెక్కినాను. ఆయనకు వయసైపోయింది, మీసం తెల్లబడింది, తల మీద టోపీ కొత్తది. నన్ను చూసి ముఖం ముడుచుకున్నాడు. కానీ ఆ పొద్దు నేనే మొదటి మనిషిని.

“ఏందమ్మే, పొద్దున్నే?”

“గిరాకీకి వచ్చినా పెద్దనాయనా. సింగిల్ పరుపు ఉందా, ఇనప మంచం సైజు?”

ఆయన కళ్ళు నా దుకాణం వైపు తిరిగినట్టు తిరిగి మళ్ళీ వచ్చినాయి. “నీ దగ్గర దూది పరుపులు లేవా?” అనబోయి ఆగినాడు. బోణీ వేళ గిరాకీని వెనక్కి పంపే మాట అది. బదులుగా చిన్నగా నవ్వినాడు. “ఆఖరికి నువ్వు కూడా ఫోమ్‌కే వచ్చినావు” అన్నాడు. ఆ నవ్వే తనకు ఆ పొద్దుటి లాభం అనుకున్నాడు, పాపం.

బేరం మొదలుపెట్టినాము. ఆయన చెప్పినాడు, నేను తల తిప్పినాను. ఆయన తగ్గించినాడు, నేను పరుపు అంచు నొక్కి చూసి పెదవి విరిచినాను. “ఇది కూర్చుంటే లేచిరాదు, పడుకుంటే ఏమైతాదో” అన్నాను. “నీ మాదిరి గిరాకీలు ఇద్దరొస్తే నేను షట్టరు దించాల్సిందే” అన్నాడు. అయినా ఆయనకు సంతోషంగా ఉందని నాకు తెలుసు. బాగా బేరమాడే మనిషి ముందు కూర్చుంటే ఆయన కళ్ళు చిన్నపిల్లోడి కళ్ళ మాదిరి అవుతాయి. నిజం చెప్పాలంటే నాకూ అట్లే ఉంది. ఆ ముసలాయనతో బేరమాడితే వచ్చే రుచి ఇంకెక్కడా రాదు, దాని మీద కూడా నాకు కోపమే.

రేటు కుదిరింది. డబ్బిచ్చినాను. ఆయన ఆ నోట్లు కుడి కంటికి అద్దుకుని, ఎడమ కంటికి అద్దుకుని, గల్లాలో వేసినాడు. పనివాళ్ళు పరుపు మోసుకుపోయి ఆటో మీద కట్టడం మొదలుపెట్టినారు.

“బిల్లు ఎవురి పేరు మీద?”

“నీ మనవరాలి పేరు మీద. పక్కన ‘హాస్టలు’ అని రాయి.”

పెన్ను ఆగిపోయింది. ఆయన అద్దంలోంచి బయటికి చూసినాడు. ఆటోలో బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పిల్ల కనపడింది. పైన పరుపుకు తాడు బిగిస్తున్నారు.

అరవలేదు. ఆయన అరిచే రకం కాదు. “పరుపు అమ్మినా,” అన్నాడు నెమ్మదిగా. “పిల్లను అమ్మలా. పరుపు పోనీ. పిల్లను దించు.”

“అట్లే. పరుపు ఒక్కటే పోతాది. బజారు మధ్యలోంచి పోతాది. ఎవురిది అని అడుగుతారు గదా. చెప్తా. పెద్దనాయన మనవరాలికి సొంత చేత్తో బోణీ పరుపు అమ్మినాడు, కళ్ళకద్దుకున్నాడు, మళ్ళా పిల్లను ఇంట్లో పెట్టుకున్నాడు అని. కనిగిరాయన దగ్గర చచ్చినోడి పరుపు కూడా వెనక్కి తీసుకోలా, బతికున్న మనవరాలిని ఆపి ఆమె బోణీ మాత్రం తిప్పేసినాడు అని.”

“నా దుకాణంలో నిలబడి నన్నే బెదిరిస్తావా?”

“బేరం చేస్తున్నా. నువ్వు నేర్పిందే.”

అప్పుడే హనుమంతునిపాడు నుంచి ఒక రైతు, ఆయన భార్య, డబుల్ కాట్ మంచం కోసం లోపలికి వచ్చినారు. పెద్దనాయన వాళ్ళను కూర్చోమన్నాడే గాని లేవలేదు. బోణీ అటో ఇటో తేలకుండా రెండో గిరాకీని ముట్టడు. రైతు కొంచెం సేపు చూసి, సంగతి ఎంత అర్థమైందో గానీ, “పెద్దాయనా, ఆ అమ్మది తేల్చి మా మీద పడు, మా బస్సు పోతాది” అన్నాడు. ఆయన భార్య ఆటో వైపు చూసి, “మీ పాపనా? చదువుకా? మంచిది” అంది. పెద్దనాయన పెన్నుకు మూత పెట్టి మళ్ళీ తీసినాడు. కాదనలేడు, అవుననలేడు. నేను గోడ మీద ధరల పట్టీ చదువుకుంటా నిలబడినాను. తొందరపడితే బేరం చెడుతుంది.

పిల్ల ఆటో దిగి లోపలికి వచ్చింది. నేను రమ్మనలేదు. చెప్పేదాకా నోరు తెరవద్దన్నది కూడా మరిచిపోయింది. “తాతా, ఎండెక్కుతాంది. ఆటో ఆయన కోప్పడుతున్నాడు. ఏదో ఒకటి చెప్పు” అంది. ఏడుపు లేదు, బతిమాలడం లేదు. దుకాణంలో గిరాకీ అడిగినట్టు అడిగింది.

పెద్దనాయన బిల్లు పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు. తల ఎత్తకుండా, “ఏం గ్రూపు?” అన్నాడు.

“ఎం.పి.సి.”

రాసినాడు. చింపి నా చేతికిచ్చినాడు. ‘హాస్టలు’ అని కూడా రాసినాడు.

నేను అక్కడితో ఆగాల్సింది. మంచి మనిషి ఎవరైనా ఆగేవాళ్ళు. “కొసరు?” అన్నాను.

“ఇంకేంది?”

“నువ్వే వచ్చి చేర్పించాల. తండ్రి సంతకం చాలంట గానీ నాకు నీది కావాల.”

ఆయన రైతుకు మంచాలు చూపించమని పనివాళ్ళకు చెప్పినాడు. తర్వాత కొడుక్కు ఫోన్ చేసి, గల్లా దగ్గరికి రమ్మని, చెప్పులు వేసుకున్నాడు.

కాలేజీలో కిటికీ ముందు పెద్ద వరస. పెద్దనాయన ఎర్ర బకెట్టు, అందులో మగ్గు, సబ్బు పట్టుకుని ఎండలో నిలబడినాడు. నేను వేపచెట్టు కింద నీడలో కూర్చున్నాను. నీడలోకి రమ్మనలేదు. నేను కూర్చున్న చోటు నుంచి ఆయన బాగా కనపడతాడు, అందుకే అక్కడ కూర్చున్నాను. ముందున్నవాళ్ళు అడిగితే ఆయనే గట్టిగా చెప్తున్నాడు, “మా మనవరాలు. ఎం.పి.సి. లెక్కల్లో ఎదురు లేదు.” లెక్కలు నేర్పించింది ఎవరో మాత్రం చెప్పలేదు.

ఆయన వంతు వచ్చేసరికి నేను లేచి పక్కకు పోయినాను. కిటికీ లోపలి మనిషి తల ఎత్తి, ఆయన టోపీ చూసి, ఇంకేమీ అడగకుండా స్టాంపు ప్యాడు ముందుకు తోసినాడు. వేలిముద్రకు.

నాకు ఎంత సంతోషమైందో చెప్తే మీరు నన్ను మెచ్చరు. నిద్ర పట్టని రోజుల్లో ఇప్పటికీ ఆ ప్యాడు అట్లా జరిగి రావడం తలుచుకుంటాను. కానీ పూర్తిగా తలుచుకోలేను. ఎందుకంటే ఆ మనిషి చూసింది మా పెద్దనాయనను కాదు, టోపీని. నా జడలో నూగు చూసి అవ్వా అన్నవాళ్ళ చూపే అది. “సంతకం వచ్చయ్యా” అన్నాడు పెద్దనాయన, చిన్న గొంతుతో. నేను ఎప్పుడూ వినని గొంతు. పెన్ను తీసుకుని, బిల్లుల మీద పెట్టే పొడుగాటి సంతకం పెట్టినాడు. పక్కన పిల్ల కూడా పెట్టింది. పిల్లతో ఆ మనిషి “ఇక్కడమ్మా, దీని కింద” అని మర్యాదగా మాట్లాడినాడు. పెద్దనాయన అది గమనించినాడు. బకెట్టు పిల్లకిచ్చి, కాసేపు ఆ కిటికీనే చూస్తా నిలబడినాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పక్కపక్కనే సీటు దొరికింది. కొండ దాటినాక నేనే అడిగినాను.

“మిఠాయి తింటా నువ్వన్న మాట గుర్తుందా పెద్దనాయనా?”

గుర్తులేదంటాడనుకున్నాను. అందుకు నా దగ్గర జవాబు తయారుగా ఉంది, ఎన్నో ఏళ్ళుగా తయారుగా ఉంది.

“ఉంది,” అన్నాడు. “నేనట్ల అన్నప్పుడు నీ నాయన ఏమన్నాడు?”

“ఏమీ అనలా.”

“అదేమ్మే. నేను మొదటి రేటు చెప్పినా. దుకాణంలో పుట్టినోడు, వాడు రెండో మాట అడగలా. ఒక్క మాట అడిగుంటే దిగేవాణ్ణి. ఒక ఏడాది చదవనీ అన్నా, అంటే సరే అనేవాణ్ణి. చెప్పిన రేటుకు చెప్పినట్టు తీసుకుని లోపలికి పోయినాడు. నేను కూడా బిత్తరపోయినా.”

ఇది నిజమో, మిగిలిపోయిన సరుకు అంటగట్టడమో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మేవాడు చెప్పేది ఎంతవరకు నమ్మాలో ఆయనే నాకు నేర్పినాడు. కానీ ఇన్నేళ్ళు నేను పగ మొత్తం ఒక్క మనిషి పేరు మీదే పెట్టుకున్నాను. కిటికీలోంచి కంభం చెరువు కట్ట పోతోంది. నా చెవిలో విల్లు తీగ మోగుతానే ఉంది. గిరాకీల పిల్లలకు కూడా కొసరు దూది పెట్టే మా నాయన, నా కోసం ఒక్క మాట బేరమాడలేదు. చనిపోయిన మనిషి దుకాణానికి ఏ పొద్దున పోయి నిలబడాలి? దాంతో పెద్దనాయన మీద పగ తగ్గిందనుకునేరు. తగ్గలేదు. నా నాయనను నా నుంచి లాక్కున్నాడని ఇంకొంచెం పెరిగింది.

మార్కాపురం బస్టాండులో దిగినాము. ఆయన మోకాలు పట్టుకుని నిలబడితే చెయ్యి అందించినాను, వీధి చూస్తుంది కాబట్టి.

“రెండో మనవరాలు ఎన్నో తరగతి పెద్దనాయనా?”

“తొమ్మిది.”

“మొదటి రేటు చెప్పు.”

ఆయన మీసం కింద నవ్వినాడో, పళ్ళు కొరికినాడో చూడలేకపోయినాను. “ఏమన్నా మాట్లాడాలంటే మధ్యాహ్నం దాటినాక రా,” అన్నాడు. “బోణీ వేళ మాత్రం రావాకు.”

మరుసటి పొద్దున ఆయన షట్టరు తాళం తీసేటప్పటికి నేను మెట్ల మీద కూర్చుని ఉన్నాను.